సున్నా మాస్టారి ఎడమ చెయ్యి

ఊళ్లో సగం బోర్డులు ఆయన రాసినవే. అయినా అసలు పేరేమిటని అడిగితే బుర్ర గోక్కునేవాళ్లే ఎక్కువ. అందరికీ ఆయన సున్నా మాస్టారు. నిచ్చెన మీద నిలబడి, ఎడమ చేత్తో, ఒక్క ఊపులో సున్నా చుట్టేవారు. పళ్లెం బోర్లించి చూసినా వంక దొరికేది కాదు. రంగు వేసే ముందు అదే అరచేత్తో గోడంతా తడిమి, గరుకు తగిలిన చోటల్లా నీలం మైనపు పెన్సిలుతో సున్నా చుట్టడం ఆయన పద్ధతి. ఆ సున్నాల్లో ఉప్పుకాగితం పట్టించాకే బ్రష్షు ముట్టుకునేవారు.

ముప్ఫై ఏళ్లు ఎర్రటి ఎండలో గోడలకు అతుక్కుపోయి బతికారు. "టోపీ పెట్టుకోండి" అని భార్య పోరితే, "అంచు అడ్డొస్తుందే" అనేవారు. కింద నిలబడి రంగులు కలిపే ఆవిడకూ టోపీ లేదు. ఆ ముక్క ఇద్దరికీ తట్టలేదు.

యాభై దాటాక మల్టిపుల్ స్క్లెరోసిస్ పట్టుకుంది. ఒంటిని కాపాడాల్సిన బలగమే నరాల మీది పొరను కొరుక్కుతినే జబ్బు అది. ముందు కాళ్లు తడబడ్డాయి, తర్వాత ఎడమ చెయ్యి మొద్దుబారింది. ఒళ్లో పెట్టుకుంటే, ఎవరో తమ చెయ్యి మరిచిపోయి వెళ్లినట్టుండేది. ఆరునెలలకోసారి ఎక్కించే మందు పుణ్యమా అని జబ్బు అక్కడికి ఆగింది.

అప్పుడు మొహం మీద గరుకు మచ్చలు బయలుదేరాయి.

"ఇవి ఎండ పెట్టిన మచ్చలు. ఇంకా క్యాన్సర్ కాదు, వదిలేస్తే కావచ్చు," అంది చర్మం డాక్టరమ్మ. "క్రీము రాయండి. ఎర్రబడి, మండి, చెక్కు కట్టి రాలిపోతాయి. మీ నరాల మందు ఒంటి బలగాన్ని అణిచేది, ఒక్కటి ముదిరినా దాన్ని ఆపాల్సి రావచ్చు."

"ఆపితే?"

డాక్టరమ్మ ఆయన కాళ్లకేసి చూసింది.

ఇంట్లో అద్దం ముందు స్టూలు కదలకుండా నేలకు బిగించుకున్నారు. అద్దంలో కనిపించే మొహం మీద తొమ్మిది మచ్చలు. అద్దం మీదే, ఒక్కొక్కదాని చుట్టూ కుడి చేత్తో నీలం సున్నా గీశారు. తొమ్మిదీ కోడిగుడ్లలా వచ్చాయి. రోజూ పొద్దున్నే మొహాన్ని ఆ సున్నాల్లో ఇమిడ్చి, కుడి చేతికి తొడుగు వేసుకుని క్రీము రాసుకునేవారు. ఎడమ చెయ్యి దాని మానాన అది ఉండేది.

పన్నెండో రోజు అద్దంలో పది సున్నాలున్నాయి.

పదోది చెవి కింద, దవడ అంచున. నిండు చంద్రుడిలా గుండ్రంగా ఉంది.

"అద్దం నువ్వు ముట్టుకున్నావా?"

"నాకేం పని? అయినా అంత గుండ్రంగా గీయడం ఈ ఇంట్లో మీకు తప్ప ఎవరికొచ్చు?" అంది భార్య. అన్నాక, ఆయన ఎడమ చేతికేసి చూసింది.

మాస్టారు కుడి చేత్తో ఎడమ చెయ్యిని పైకెత్తి చూసుకున్నారు. గోళ్ల కింద నీలం మైనం. దవడ అంచున కుడి వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. అద్దంలోనూ ఏమీ లేదు. ఆ పూట ఎడమ చెయ్యిని తువ్వాలులో చుట్టి పెట్టుకున్నారు. సొంత చెయ్యిని చూసి భయపడడమేమిటని సిగ్గేసింది, అయినా తువ్వాలు విప్పలేదు.

నాలుగు రోజులకు ఆ సున్నా నడుమ ఎర్రగా తేలింది.

డాక్టరమ్మ అక్కడ వేలు పెట్టి చూసి, మొహం చిట్లించి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి పది రోజులు పట్టింది. నరాల మందు ఎక్కించాల్సిన తేదీ క్యాలెండరులో దగ్గరపడుతోంది.

"ముదరలేదు, అంచుదాకా వచ్చి ఆగింది," అంది డాక్టరమ్మ. "మీ మందు ఆపక్కర్లేదు. దీన్ని ఇంత తొందరగా ఎవరు పట్టుకున్నారు?"

"ఈయన ఎడమ చెయ్యి," అంది భార్య. డాక్టరమ్మ నవ్వింది. వీళ్లు నవ్వలేదు.

మర్నాడు మాస్టారు ఎడమ చెయ్యిని ఒళ్లోకి తీసుకుని, చిన్నపిల్ల చేతిని నిమిరినట్టు నిమిరారు. తువ్వాలు మడిచి పక్కన పడేశారు. పెన్సిలు దానికి అందేంత దూరంలో పెట్టారు.

వారం తిరిగేసరికి చెక్కులు రాలి, మొహం తేటపడింది. అద్దం తుడవబోతూ చూస్తే పదకొండో సున్నా. ఇది బాగా పైన ఉంది. స్టూలు మీద కూర్చున్న మాస్టారి నెత్తికి కూడా అందదు.

"దీనికి మతిపోయింది, గాల్లో గీస్తోంది," అన్నారు.

"సర్లెండి, లేవండి," అంటూ భార్య ఎప్పటిలాగే ఆయన ఎడమ చెయ్యిని తన మెడ చుట్టూ వేసుకుని, పైకి లేపడానికి సర్దుకుంది. రోజూ ఆ అరచెయ్యి ఆవిడ చెంప మీద ఆనుతుంది. ఆయనకు అది ఏనాడూ తెలియలేదు.

మాస్టారు అద్దంలోకి చూశారు. తల పక్కకు వంచి నిలబడ్డ భార్య చెంప సరిగ్గా ఆ సున్నాలో ఉంది.

"లేవరేం?" అంది ఆవిడ.

ఆయన లేవలేదు. తనకేమీ తెలియని ఆ చేతిని ఆవిడ చెంప మీద అలాగే ఉండనిచ్చి, "రేపు నువ్వూ డాక్టరమ్మ దగ్గరికి వద్దువుగాని," అన్నారు.