నమూనా కన్ను

పట్నంలోని ఒక ధర్మ కంటి దవాఖాన వాళ్లు నారాయణఖేడ్‌లో బస్ డిపో దగ్గర ఓ గది తీసుకుని, నెలకోసారి కళ్లు చూడటం మొదలుపెట్టారు. కంట్లో పొర వచ్చినవాళ్లను వ్యానులో తీసుకెళ్లి, ఆపరేషన్ చేసి, మళ్లీ తెచ్చి దింపేవారు. జనాన్ని పోగుచేసే పని నాకు అప్పగించారు. బట్టల దుకాణం వాణ్ని, పైగా బేరమాడనిదే కొత్తిమీర కట్ట కూడా కొనని ఇంట్లో పుట్టినవాణ్ని. దుకాణం ముందు "ఆపరేషన్ ఉచితం" అని పెద్ద అక్షరాలతో రాయించాను.

ఒక్కరూ రాలేదు. తప్పు నాదే. మా బజారులో ఊరికే ఇచ్చేది ఎవరూ కొననిదేనని నాకు తెలియదా?

నా దిగులంతా, అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒక ముసలామె గురించి. నాగల్‌గిద్ద నుంచి వచ్చి, మా దుకాణంలో మిగిలిన గుడ్డ ముక్కలు తీసుకెళ్లి బొంతలు కుట్టేది. ఒక కన్ను అప్పటికే పోయినట్టే. రెండో దాంట్లోనూ పొర ముదురుతోంది. సూదిలో దారం ఎవరితోనో ఎక్కించుకుంటోంది. కుట్టు ఆగితే కోడలు పెట్టింది తిని మూల కూర్చోవాలి. ఆ మాటంటేనే ఆమెకు మంట.

"ఖాలా, పైస అడుగరు. వ్యాన్ల పోయి వ్యాన్లనే వస్తవు," అన్నాను.

"గందుకే భయమైతుంది సేటు. నువ్వు జానెడు గుడ్డ ఊకె ఇయ్యవు. గాళ్లు కన్ను ఊకె ఎందుకిస్తరు?"

మా వైపు ఆడవాళ్లకో పద్ధతుంది. కొత్త రకం చీర వస్తే ఎగబడరు. ఊళ్లో ఎవరో ఒకరు కొనాలి, ఉతకాలి, రంగు నిలిచిందో లేదో మిగతావాళ్లు పట్టి చూడాలి. ఖాలా కూడా అదే అడిగింది.

"ఒక్క ఉతుకు పడ్డ కన్ను చూపియ్యి. అప్పుడొస్త."

వెతికి వెతికి, ఎప్పుడో పట్నంలో ఆపరేషన్ చేయించుకున్న కల్హేర్ రైతునొకణ్ని పట్టుకొచ్చాను. ఎట్లుందని ఖాలా అడిగిందో లేదో, మొదలుపెట్టాడు.

"నెత్తిమీద నీళ్లు పోసుకోవద్దన్నరు. వంగొద్దన్నరు. బీడీ గూడ వద్దన్నరు. పరేషాన్ చేసిండ్రు."

చూపు సంగతి మాత్రం ఎత్తనే లేదు.

"నీ నమూనా రంగు దిగింది సేటు," అని ఖాలా లేచింది. గడప దాటుతూ ఆగింది. "నువ్వు చూపించుకో. నీ ఎన్క నేను చూపించుకుంట."

నా కళ్లకేం, లక్షణంగా ఉన్నాయి. నష్టం లేని బేరమనుకుని, ఖాలాను వెంటబెట్టుకుని డిపో దగ్గరి గదికి నవ్వుతూ వెళ్లాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఎడమ కంట్లో పొర బాగా ముదిరింది, ఆపరేషన్ చేయాలి అంది.

నేను కుర్చీలోంచి సగం లేచాను. "గీ పెండ్లిండ్ల సీజను పోనీ అమ్మా. ఎనకాల దసరా గిరాకీ ఉంటది. అది గూడ పోనీ... చుక్కల మందుతోని కాదా?"

వెనక నుంచి ఖాలా అందుకుంది. "అరే! ఊకె ఇచ్చేదానికి గూడ బేరమా?"

గదంతా నవ్వు. ఆమె వచ్చి నా రెట్ట పట్టుకుంది. "ఇద్దరి పేర్లు రాయి బేటీ. గీయన పక్కన నేను కూసుంట. లేకుంటే సంగారెడ్డి కాడ దుంకి ఉరుకుతడు."

ఆమెను వ్యాను ఎక్కించడానికి నేను పడ్డ తిప్పలన్నీ దండగ. నా పిరికితనం ఒక్కటే పనిచేసింది.

పట్నంలో ఇద్దరికీ ఆపరేషన్ అయిన మూడో రోజు వార్డులో, నర్సు వద్దంటున్నా వినకుండా, ఖాలా సంచిలోంచి సూది తీసింది. రెండుసార్లు దారం పక్కకు పోయింది. మూడోసారి దూరింది. దారం కొసన ముడి వేసుకుంది. తర్వాత నర్సు వైపు తిరిగింది.

"మీ వ్యాను నాగల్‌గిద్దకు రావాలె. ముసలోళ్లు ఖేడ్ దాక ఎట్లొస్తరు?"

"పదిమంది ఉంటే పెద్దసారును అడుగుతా, అమ్మా."

"ఇరవై మందిని తెస్త. నెలకు రెండుసార్లు రాండ్రి."

పదిహేను మందంటే బాగుంటుందని నేనేదో సర్దబోయాను.

"నువ్వు ఊకో సేటు," అంది ఖాలా. "నీకు బేరం రాదు."