పంట ధనేశ్వరిది

నిన్న వాన వెలిశాక ధాన్యం కొనుగోలు కేంద్రంలోకి అడుగుపెట్టగానే తడిసిన వడ్ల వాసన ముక్కుకు తగిలింది. గింజ మొలకెత్తబోయే ముందు వచ్చే పులిసిన వాసన అది. ఆ వాసనకు నాకు సత్తెమ్మత్త గుర్తుకొస్తుంది. భిలాయి క్యాంప్ 1లో మా పక్కిల్లే ఆవిడది. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయి వచ్చి, ఉక్కు కర్మాగారం కూత వింటూ ముసలిదైన మనిషి. మామయ్య రిటైరయ్యాక మరోదా అవతల ఒక పల్లెలో కొంచెం పొలం కొని, పంట చూడకుండానే పోయాడు. ఆ ఊరి ధనేశ్వరి దాన్ని కౌలుకు చేసేది. కాగితాలు మాత్రం అత్త పేరున ఉండేవి.

నేను వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన ఏడు, కోతల ముందు కురిసిన వానకు వరి నేలకొరిగింది. ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. పంచాయతీ దగ్గర సభ పెట్టాం. ఆ ఊళ్లో చాలా భూమి ఉక్కు టౌన్‌షిప్‌లో ఉండేవాళ్లదే. కార్లలో వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. నాటినవాళ్లు, కలుపు తీసినవాళ్లు గోడవారగా నిలబడ్డారు. మా అధికారి అత్త పేరు పిలిచాడు. ఆవిడ లేచి తిన్నగా గోడ దగ్గరికి నడిచి, ధనేశ్వరి చెయ్యి పట్టుకుని అందరి ముందుకూ తీసుకొచ్చింది.

"సాబ్, జమీన్ మేరా. ఫసల్ ఇస్కా," అంది తనకొచ్చిన హిందీలో. భూమి నాది, పంట ఈమెది.

భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే ఇవ్వాలని అధికారి మర్యాదగానే చెప్పాడు. అత్తలాగే ఆ ఊళ్లో పొలం కొన్న మూర్తిగారు కంగారుపడి తెలుగులో గొణిగారు. "అక్కా, నలుగురిలో ఇలగ ఒప్పేసుకుంటే రేపు భూమే నాదంటాది."

"అంటే అననీ తమ్ముడా. పంట పోయిన్రోజు చేలో కూకుని దాని ఏడుపు నాను ఇన్నాను. భూమి నా పేరున ఉంది. ఆ ఏడుపు నా పేరున నేదు గదా."

సంతకం కూడా సరిగా రాని మనిషి, ఉన్న ఒక్క ఆస్తినీ పణంగా పెట్టి అలా నిలబడింది.

నియమం మారలేదు. పరిహారం అత్త ఖాతాలోనే పడింది. మర్నాడే బ్యాంకుకు వెళ్లి మొత్తం తీసి ధనేశ్వరి చేతిలో పెట్టింది. భూమి లెక్కలు రాసే పట్వారీ చుట్టూ తిరిగి కౌలు రాయించింది. కొడుకు అలిగి చాలాకాలం గడప తొక్కలేదు. ఆవిణ్ణి చూసి ఒకరిద్దరు తమ కౌలుదార్లకు పరిహారం ఇచ్చారు. మూర్తిగారు భయపడి తన కౌలుదారును పొలంలోంచి దింపేశారు. అది విన్న రోజు అత్త అన్నం ముట్టలేదు. ధనేశ్వరి మాత్రం ఆ భూమి తనదని ఎన్నడూ అనలేదు. అత్త పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చింది.

ఆ రోజు సభనుంచి ఆటోలో తిరిగొస్తూ, భయం వెయ్యలేదా అని అత్తను అడిగాను.

"ఎందుకెయ్యదు పాపా, ఏసింది. కూకుండిపోతే మరింత బయిమేసును," అంది.

ఇప్పుడు పేర్లు పిలిచేది నేను. పరిహారం రాసే ముందు చేలోకి వెళ్లి, విత్తిందెవరని అడుగుతాను. చాలాసార్లు చివరికి యజమాని పేరే రాయాల్సి వస్తుంది. రాసేటప్పుడు చెయ్యి తేలిగ్గా కదలకపోవడమే ఆవిడ నాకిచ్చిన చదువు.