కనుమ మీద మోటారన్న నీళ్లు

నా రాత కోడిగీతలు. ఊరి బడిలో ఐదో తరగతి దాకే చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోయిన చోట మీరే సరిచేసుకుని చదవండి, విసుక్కోకండి. నాకు మాట్లాడటమే తక్కువ, రాయడం ఇంకా తక్కువ. కానీ ఈ సంగతి రాయకుండా ఉండలేకపోయాను.

మోటారన్న పోయాడు. పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, ఖర్జూర చెట్లకు నీళ్లు వదిలి చేతులు కడుక్కుంటుంటే రాయచోటి నుంచి ఆయన పెద్దకొడుకు ఫోన్ చేశాడు. "చిన్నాయనా, నాయన లేడు" అన్నాడు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు లేచాడట. నమాజు అయ్యాక అరుగు మీద కూర్చుని టీ అడిగాడట. కోడలు టీ తెచ్చేలోపు గోడకు ఒరిగిపోయాడట. ఫోన్ పట్టుకుని అట్లే నిలబడ్డాను. "చిన్నాయనా, వింటాండావా? వింటాండావా?" అని ఆ అబ్బాయే నన్ను ఓదార్చినట్టు అడిగాడు.

మీలో సెలవు రోజు దుబాయ్ నుంచి హత్తా కొండల వైపు వచ్చేవాళ్లు ఆయన్ను చూసే ఉంటారు. నల్ల సైకిలు, తలకు తువ్వాలు, వెనక క్యారియర్ మీద నీళ్ల క్యాను. తోటల్లో పంపు మోటార్లు బాగుచేసేవాడు కాబట్టి మా అందరికీ మోటారన్న. మా తోట ఉన్న లోయ నుంచి అవతలి లోయకు ఒక కంకర దారి కనుమ ఎక్కి దిగుతుంది. ఆ దారిలో కింద రేగుచెట్టుకు ఒకటి, పైన కనుమ మీద తుమ్మచెట్టుకు ఒకటి, వచ్చేపోయేవాళ్ల కోసం తాగే నీళ్ల క్యాన్లు కట్టింది ఆయనే. పోయిన ఏడు వీసా క్యాన్సిల్ అయి ఊరికి పోతూ ఆ పని నాకు అప్పగించాడు. ఈ చలికాలం దాటితే నేనూ పోతున్నాను. నా తర్వాత ఆ నీళ్లు ఎవరు పోస్తారన్నదే నా దిగులు.

నేను ఈ తోటకు వచ్చింది రెండు వేల రెండులో. వచ్చిన కొత్తలో నాకు ఎవరూ తెలియదు. అవతలి లోయలో మన తెలుగువాళ్ల గది ఒకటి ఉండేది, శుక్రవారం అక్కడ సంగటి కెలికేవాళ్లు. తారురోడ్డు మీద పోవాలంటే కొండంతా చుట్టి రావాలి, బండి కావాలి. కంకర దారిన సైకిలు చాలు. మా తోటలో మోటారు విప్పుతూ విప్పుతూ ఆయన నా వైపు చూసి, "ఏం అబ్బీ, యాడ నుంచి?" అన్నాడు. చెప్పాను. "మనోడే! అయినా ఇంత తక్కువ మాట్లాడేటోడు మన సీమలో ఎవుడున్నాడప్పా? సరే, సంగటి తిందువు రా" అన్నాడు. తోటలో మూలన పడి ఉన్న పాత సైకిలుకు తనే చైను వేసి నా చేతికిచ్చాడు.

కంకర మొదలయ్యే చోట దిగి, రెండు టైర్లలో గాలి కొంచెం వదిలేవాడు. బొటనవేలితో నొక్కి చూసి, "బొప్పాయి పండు మాదిరి ఉండాల" అనేవాడు. గట్టి టైరు రాయి మీద ఎగురుతుంది, మెత్తటి టైరు రాయిని పట్టుకుంటుంది. అది నాకు అప్పుడు తెలియదు. ఆ మొదటిసారి ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాను. దిగేటప్పుడు భయమేసి ముందు బ్రేకు పట్టాను. సైకిలు ఆగింది, నేను ఆగలేదు. రెండు మోకాళ్లూ చీరుకుపోయాయి. ఆయన వెనక్కి వచ్చి, నన్ను లేపకుండా ముందు సైకిలు లేపి చక్రం తిప్పి చూశాడు.

"సైకిలు బాగుండాది. నువ్వెట్లున్నావ్?"

"బాగున్నా అన్నా."

"కొండకు సాష్టాంగం చేసినావు, ఇంగ అది నిన్నేమీ అనదులే. లెయ్."

లేచి ఎక్కాక ఆయన చెప్పిన మాట ఇప్పటికీ ఆ మలుపులో నాకు వినిపిస్తుంది. "రాయిని చూస్తే రాయి మీదికే పోతావు. దావ చూడబ్బీ, దావ."

ఆయన సైకిలుకు వెనక బ్రేకు సరిగా ఉండేది కాదు. మోటార్లు బాగుచేసే మనిషి తన బ్రేకు మాత్రం బాగుచేసుకోలేదు. అడిగితే, "దానికి వేరే మందుండాది" అనేవాడు. ఆ మందు ఖర్జూర మట్ట. కనుమ మీదికి రాగానే ఎండిన మట్ట ఒకటి తాడుతో క్యారియర్‌కు కట్టి ఈడ్చుకుంటూ దిగేవాడు. మట్ట కంకరలో రాసుకుంటూ బండిని వెనక్కి లాగేది. దిగాక విప్పి పక్కన పెట్టేవాడు, అటునుంచి మళ్లీ ఎక్కేవాడు తీసుకుపోతాడని. దారంతా వాకిలి ఊడ్చినట్టు చార పడేది. తోటల్లో మోటారు చెడిపోయి ఎదురుచూసేవాళ్లు ఆ చార చూసి, మోటారన్న ఈ పొద్దు ఇటే దిగాడని తెలుసుకునేవాళ్లు.

ఎక్కేటప్పుడు ఆయన మాట్లాడేవాడు కాదు. చక్రాల కింద కంకర నలిగే చప్పుడు, ఎక్కడో మేక గొంతు, అంతే. నాలాంటి వాడికి అది చాలా హాయి. మామూలుగా నేను నలుగురిలో ఉంటే, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని లోపల నలిగిపోతుంటాను. ఆయన పక్కన ఎప్పుడూ అలా అనిపించలేదు.

కంపెనీ ఆయనకు పికప్ ఇస్తామంది. లైసెన్సు టెస్టు ఎన్నిసార్లు పోయిందో ఆయనకే గుర్తులేదు. గదిలో అందరూ ఏడిపిస్తే, "కొండ నన్ను పాస్ చేసింది. టెస్టు పెట్టే సారు చేయలా. ఎవురి మాట పెద్దదో మీరే చెప్పండి" అనేవాడు.

ఇక నీళ్ల సంగతి. ఒక ఎండాకాలం దారి మధ్యలో ఆయన చైను తెగింది. నీళ్లు అయిపోయాయి. సైకిలు తోసుకుంటూ తోసుకుంటూ అవతలి లోయలో మొదటి తోటకు చేరేసరికి నాలుక బిగుసుకుపోయి, నీళ్లని కూడా అడగలేకపోయాడట. ఆ తోట కాపలావాడు పఠాన్. ఏమీ అడగకుండా ముందు తల మీద పోసి, తర్వాత తాగడానికి ఇచ్చాడట. "అడగకుండా ఇచ్చినాడబ్బీ. అడిగే నోరు లేనప్పుడు ఇచ్చినాడు" అని ఆ మాట ఎన్నోసార్లు చెప్పాడు. ఆ వారమే రెండు క్యాన్లు తెచ్చి చెట్ల కింద పెట్టాడు.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. ఒక చుక్క తగ్గలేదు. పాత నీళ్లు పారబోసి కొత్తవి పోసేవాడు, మళ్లీ అట్లే ఉండేవి. నా చేత వాసన చూపించాడు. "వాసనొస్తాందా? నిజం చెప్పు." రాలేదన్నాను. "మరి మన నీళ్లు ఎవురికీ ఎందుకు వద్దు?" అన్నాడు. ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను అప్పుడే చూశాను. ఎండలో మనుషులు ఆ చెట్టు కిందే కూర్చుని పోయినట్టు గుర్తులుండేవి. క్యాను మాత్రం ముట్టుకోలేదు.

చివరికి మేకలు కాసే బెంగాలీ ఒకడు ఎదురై, మంచి మనసుతోనే, ఎవరైనా ఎత్తుకుపోతారని హెచ్చరించాడు. "భాయ్, పంపు కా డీజిల్ ఇధర్ క్యోం రఖ్‌తా? కోయీ లే జాయేగా."

మోటారన్న సైకిలు పక్కన పడేసి, కంకరలో కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. కొండల్లో అందరూ ఆయన్ను ఎరుగుదురు. మోటారు మనిషి చెట్టు కింద క్యాను పెడితే డీజిల్ కాక ఏముంటుంది? మంచివాడి సొమ్మని ఎవరూ ముట్టుకోలేదు. కావలి కూడా కాశారట!

మరుసటి శుక్రవారం క్యాన్లకు గోనె చుట్టి, తడిపి, చెట్టు కొమ్మకు కట్టి, ఒక్కొక్కదాని మీద స్టీలు గ్లాసు బోర్లించాడు. "డీజిల్ మీద గ్లాసు ఎవుడు బోర్లిస్తాడబ్బీ" అన్నాడు. ఆ వారం రెండూ అడుగంటాయి. ఖాళీ క్యాన్లు చూసి అంత సంతోషించిన మనిషిని నేను చూడలేదు.

ఎవరు తాగేవాళ్లో మాకు తెలిసేది కాదు. మేకల వాళ్లు, ఒక తోట నుంచి ఇంకో తోటకు నడిచే కూలీలు. వీసా ఇచ్చిన కఫీల్ దగ్గర నుంచి తప్పించుకుని కొండల వెంట పోయేవాళ్లు కూడా ఉంటారు. "ఎవురైతే ఏమి, దప్పికకు పాస్‌పోర్టు ఉండదు" అనేవాడు. తర్వాత తర్వాత దుబాయ్ నుంచి లావు టైర్ల సైకిళ్లు షోకుగా తొక్కేవాళ్లు రావడం మొదలైంది. అలా ఒకసారి మన తెలుగు సారు ఒకాయన, ఆఫీసు ఉద్యోగం, కనుమ మీద మాకు కలిశారు. హెల్మెట్ తీసి, "ఏమండీ, ఇవి తాగే నీళ్లేనా?" అని తెలుగులోనే అడిగారు, మా మాటలు విని. రెండు గ్లాసులు తాగి, మోటారన్న సైకిలు చుట్టూ తిరిగి చూశారు.

"దీనికి గేర్లు ఎన్నండీ?"

"రెండు సార్. ఒకటి తొక్కేది, ఒకటి తోసేది."

ఆ సారు ఎంత నవ్వారో! అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా మాతో కూర్చుని పోయేవారు.

ఒక ఏడు ఎండలు తగ్గకముందే రంజాన్ వచ్చింది. మోటారన్న రోజా ఉండి కూడా నీళ్లు మోసుకుంటూ కనుమ ఎక్కాడు. సైకిలు తోస్తుంటే పెదవులు తెల్లబడిపోయాయి. నాకు చూడబుద్ధి కాలేదు. "ఈ నెల నేను మోస్తా, నువ్వుండన్నా" అన్నాను. "ఉపాసం నాకు, నా సైకిలుకు కాదు" అన్నాడు. పైన గ్లాసు కడిగి, గోనె తడిపి, తడిచేతిని పంచెకు తుడుచుకున్నాడు. ముఖానికి కూడా రాసుకోలేదు. చెట్టు కింద కూర్చుని, "పొద్దుగూకేటప్పుడు ఎవురన్నా ఈడికి వస్తే, ఈ నీళ్లతో రోజా ఇప్పుతారు. అది చాలు నాకు" అన్నాడు.

పోయిన ఏడు ఆయనకు వయసైపోయిందని వీసా పొడిగించలేదు. పోయే ముందు చివరిసారి ఇద్దరం కనుమ ఎక్కాం. నేను అడిగాను, నా తర్వాత ఎట్లా అన్నా అని. "నువ్వున్నన్నాళ్లు నీళ్లు నువ్వు పొయ్యి. ఆ తర్వాతది నన్ను అడగాకు. నేనూ అడగను, నాకు భయం" అన్నాడు. ఆయన నోట భయమన్న మాట నేను విన్నది అదొక్కసారే. ఊరి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా సలాం కంటే ముందు అడిగేది ఒకటే: "నీళ్లుండాయా?" ఉండాయి అన్నా అంటే, అప్పుడు నా బాగోగులు అడిగేవాడు.

మా తోటకు నా బదులు వచ్చే మనిషికి సైకిలు రాదు. ఆ సారుకేమో నడుం నొప్పి, డాక్టరు తొక్కవద్దన్నారట. ఆయనే, "మన తెలుగు సంఘం పత్రికకు మీరే రాయండి, ఎవరో ఒకరు ముందుకొస్తారు" అన్నారు. నలుగురిని నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను.

ఒక మాట చెప్పి ఆపుతాను. ఫోన్ వచ్చాక నాకు జ్వరం తగిలింది. వారం పైన గది దాటలేదు. క్యాన్లు ఎండిపోయి ఉంటాయని పడుకున్నా అదే ఆలోచన. కొంచెం తేరుకోగానే నీళ్లు కట్టుకుని బయలుదేరాను. అనుకున్నట్టే కింద రేగుచెట్టు క్యాను ఖాళీ, గోనె అప్పడంలా ఎండిపోయింది. అది నింపి, మిగిలిన నీళ్లతో, సగం తొక్కి సగం తోసి పైకి చేరాను.

తుమ్మచెట్టు క్యాను నిండుగా ఉంది. గోనె తడిగా ఉంది. కొసల నుంచి చుక్క చుక్క కారి, కింద కంకర నల్లబడింది. ఆ తడి దగ్గర రెండు పిట్టలు ముక్కులు ఆనించి ఉన్నాయి, నన్ను చూసి కూడా ఎగరలేదు. చెట్టు దగ్గర నుంచి ఒక లావు టైరు గుర్తు అవతలి లోయలోకి దిగిపోయింది. అది మా సైకిలుది కాదు. చాలాసేపు అటే చూశాను. దారిలో ఎవరూ లేరు. మోటారన్నకు ఫోన్ చేసి చెప్పాలని జేబులో చెయ్యి పెట్టి, మళ్లీ తీసేశాను.

ఆ నీళ్లు పోసింది మీలో ఎవరైనా అయితే, పత్రికకు ఒక ముక్క రాయండి, నాకు చేరుస్తారు. కింద చెట్టు సంగతి కూడా చెప్పాలి, నీళ్లు ఏ తోటలో పట్టుకోవాలో చూపించాలి. నేను వెళ్లకముందే, పైన ఆ గోనె ఆరకముందే రాయండి.