నా పిల్లలు ప్రసన్నక్క పేస్లిప్‌లో ఉన్న ఐదు నెలలు

నిన్న పొద్దున్న ఎక్స్‌రే రూమ్‌లో పేషెంట్‌ని నిలబెట్టి ప్లేట్ సరిచేస్తుంటే ఫోన్ మోగింది. అమలాపురం నుంచి, ప్రసన్నక్క చెల్లెలి కూతురు.

"అంకుల్, పెద్దమ్మ పోయిందండీ. నిద్రలోనే."

పేషెంట్ ఊపిరి బిగబట్టి నిలబడే ఉన్నాడు. వదలమని చెప్పడం కూడా మర్చిపోయాను.

మొన్న ఆదివారమే వాయిస్ మెసేజ్ పెట్టింది. మా అమ్మాయి షారోన్ ఇంటర్ మార్కులు ఇంకా చెప్పలేదేంటని తిట్టింది. రిప్లై ఇవ్వలేదు నేను. తర్వాత ఇద్దాంలే అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆవిడ ప్రసన్న కుమారి. నేను ప్రసన్న కుమార్. రియాద్‌లో ఒకే హాస్పిటల్. ఆవిడ రిటైరై ఊరెళ్లేదాకా డయాలసిస్ వార్డులో నర్సు, నేను ఎక్స్‌రే టెక్నీషియన్. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే.

ఒకసారి లాండ్రీ వాళ్లు నా కోటు ఆవిడకిచ్చారు. మోకాళ్ల దాకా వచ్చే ఆ కోటు వేసుకునే రేడియాలజీకి వచ్చి, "తమ్ముడూ, ఇవాళ నీ డ్యూటీ కూడా నేనే చేసేయనా?" అంది. డిపార్ట్‌మెంటంతా నవ్వింది.

ఆ పేర్ల గొడవలోనే ఇంకోటి జరిగింది. దాని గురించి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్పాలి.

ఫ్యామిలీల మీద లెవీ వచ్చిన రోజులు. ఇక్కడున్న భార్యకి, ఒక్కో బిడ్డకి నెలనెలా ఫీజు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ అప్పుడు కంపెనీ కట్టేసి, మా జీతాల్లోంచి కొంచెం కొంచెం కోసేది. ఫ్యామిలీ ఉన్నవాళ్ల పేస్లిప్ మీద ఎంతమందికో చూపించే ఒక కోడ్, సింగిల్స్‌కి ఇంకో కోడ్.

ఒక నెల నా పేస్లిప్‌లో ఆ కోత లేదు.

చూశాను. మా ఆవిడ సునీతకి చూపించాను. "అడగండి ఒకసారి" అంది. "కంపెనీయే భరిస్తోందేమో, మనమే వెళ్లి గుర్తుచేయడం ఎందుకు" అన్నాను.

రెండో నెలా లేదు. మూడో నెలా లేదు. ఎక్కడో తప్పు జరిగిందని నాకు తెలుసు. మెదలకుండా ఉండిపోయాను.

ఆ కోత ఆవిడ జీతంలో పడుతోంది.

పెళ్లి చేసుకోని మనిషి. నర్సుల అకామడేషన్‌లో ఒక మంచం, ఒక బీరువా. ఇంటి దగ్గర వాళ్లమ్మని ఆవిడే చూసుకోవాలి.

పేరోల్‌కి వెళ్తే "సిస్టమ్‌లో అలాగే ఉంది సిస్టర్" అన్నారు. సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ రూల్‌లో మా కంపెనీ రెడ్‌లో పడి, వారానికొకరికి ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తున్న టైమ్ అది. "గొడవ పెట్టుకోకు, లిస్టులో నీ పేరు ఎక్కిస్తారు" అని తోటి నర్సులు భయపెట్టారు. అయినా మానలేదు. డ్యూటీ దిగగానే పేస్లిప్‌లన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ప్రతి వారం వెళ్లేది.

నాలుగోసారో ఐదోసారో పేరోల్ ఆఫీసర్‌తో తనకొచ్చిన అరబీలో (మాఫీ అంటే లేదు అని) అందట: "సార్, మాఫీ హస్బెండ్, మాఫీ బేబీ. మరి ఈ ముగ్గురెవరు?"

అతను నవ్వి, మొదటిసారిగా ఆ పేజీ తెరిచి పేర్లు చదివాడు. సునీత. షారోన్. జోయెల్.

ప్రతి శుక్రవారం మా ఇంట్లో అన్నం తినే మనిషి ఆవిడ. జోయెల్‌కి గోరుముద్దలు తినిపించిన మనిషి. అక్కడ ఏమీ మాట్లాడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, నీ పిల్లలు నా పేస్లిప్‌లో ఉన్నారు. నీకు తెలుసా?"

తెలీదంటే నమ్మేసేది. ఆ అబద్ధానికి నోరు రాలేదు.

"కోత పడట్లేదని తెలుసక్కా. మీకు పడుతోందని మాత్రం తెలీదు."

ఆవిడ స్టూల్ మీద కూర్చుంది.

"ఒక్క మాట అడగాల్సింది కదా. మా అమ్మ కంటి ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేశాను."

అంతే అంది. అరిచి ఉంటే బావుండేది.

మర్నాడు ఇద్దరం పేరోల్‌కి వెళ్లాం. ఆఫీసర్ కోడ్‌లు మార్చాడు. ఐదు నెలలదీ ఈ నెల జీతంలోనే నా దగ్గర రికవర్ చేస్తానన్నాడు. అంటే అద్దె కట్టలేను. అంటే పిల్లల యాన్యువల్ ఎగ్జామ్స్ ముందే ఫ్యామిలీకి ఎగ్జిట్. ఆ సంగతి అక్కకీ తెలుసు.

ఆవిడ అంది: "ఒకేసారి కొయ్యొద్దు సార్. తప్పు ఐదు నెలలు జరిగింది, ఐదు నెలల్లోనే సర్దండి."

"అలాగైతే మీకు రావాల్సింది కూడా ఐదు నెలల్లోనే వస్తుంది సిస్టర్. ఓకేనా?"

"ఓకే" అని సంతకం పెట్టింది.

ఇంటికొచ్చి సునీతకి చెప్పాను. ఆ ఏడాది ఊరెళ్లడానికి దాచుకున్న టికెట్ డబ్బు తీసుకెళ్లి అక్క చేతిలో పెట్టింది. ఆవిడ వద్దంది. సునీత ఏడ్చింది. అప్పుడు తీసుకుంది. పది రోజుల్లో అమ్మగారికి ఆపరేషన్ అయింది.

మా పిల్లలు ఇక్కడే ఎగ్జామ్స్ రాశారు. తర్వాతే ఇండియా వెళ్లిపోయారు.

పేరోల్‌కి వెళ్లొచ్చాక మొదటి శుక్రవారం ఆవిడ వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి వెళ్లి, "సునీతా, పులుసులో ఉప్పు చూశావా?" అంది.

నేను బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాను.

హాస్పిటల్లో ఏళ్ల తరబడి అందరూ నన్ను మంచివాడనే అనుకున్నారంటే, ఆవిడ నోరు విప్పకపోవడం వల్లే.

ఈ మధ్యాహ్నం సమాధి కార్యక్రమం. రాజమండ్రి నుంచి సునీత, పిల్లలు బయల్దేరారు. నాకు లీవ్ దొరకలేదు.

అక్కా, మీ అంత పెద్ద మనసు నాకు లేదు. ఉన్నదాంట్లో నిజం చెప్పగలిగాను.

ప్రభువు మిమ్మల్ని పేరుపెట్టి పిలిచి, తన దగ్గర హాయిగా కూర్చోబెట్టుకోవాలి.