ఇటలీ సినిమాకు కుప్పం అక్క తర్జుమా

ఆ రోజుల్లో నాకు జరిగిన అన్యాయాలను ఏ పూటకు ఆ పూట రాసిపెట్టుకునేదాన్ని. ఇప్పుడు వరుసగా విన్నవిస్తున్నాను. అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన శనివారం ఉదయం: పుంగనూరు వీడియో అంగడాయన నన్ను తప్పుదారి పట్టించుట. అదే సాయంత్రం: కుప్పం అక్క నా వంటశాల పరువు తీయుట. సోమవారం: నాకు సంజాయిషీ నోటీసు. ఆనాటి నుండి నేటి వరకు: హంతకులెవరో నాకు చెప్పకపోవుట.

అప్పుడు నేను మదనపల్లెలో ఒక మిషన్ బాలికల హాస్టలుకు కొత్తగా వచ్చిన సహాయ వార్డెనును. వంటశాల నా బాధ్యత. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మదనపల్లె అంగళ్లలో అన్నీ డాన్సులేనని, పిల్లలకు పనికొచ్చే సినిమా తెమ్మని మేట్రనమ్మ నన్ను పుంగనూరుకు పంపింది. అంగడాయన ఒక క్యాసెట్ తీసి, ఇటలీ బొమ్మ, ఆడపిల్లల హాస్టల్ కథ అన్నాడు. అట్టమీద యూనిఫారం పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. ఇటలీ అంటే క్రీస్తు శిష్యులైన అపొస్తలులు నడిచిన నేల కదా అని నేను ఇంకేమీ అడగలేదు. (అందులో ఉన్నవి హత్యలని అతడు చెప్పవలసింది. అడగకపోయినా చెప్పవలసింది.)

మా మిషన్‌లో ఒక పద్ధతి ఉండేది: పరభాషలో ఎవరు ప్రసంగించినా, పక్కన ఒకరు నిలబడి వాక్యానికొక వాక్యం తెలుగు చేయాలి. దొరల ప్రసంగాలకు ఆ పని మా సీనియర్ టీచరు కుప్పం అక్కది. ఆ సాయంత్రం హాస్టల్లో క్యాసెట్ వేసి, సినిమాలో పరాయి మాటలు వినబడగానే మేట్రనమ్మ ఆమెవైపు తిరిగి, "అమ్మా, నువ్వు లేసి నిలబడి చెప్పు. పిల్లోళ్లకు తెలియొద్దా" అంది. ఆ భాషలో ఒక్క ముక్క రాని అక్క లేచి, కొంగు సర్దుకుని, టీవీ పక్కన నిలబడింది. నేనేమో టీవీ వెనుక. ఓల్టేజి పడిపోయినప్పుడల్లా స్టెబిలైజరు మీట తిప్పుతూ ఉండాలి కనుక, తెర నాకు ఒక్క క్షణమూ కనబడలేదు.

కాసేపటికి ఒక కేక. పిల్లల ముఖాలు పాలిపోయాయి. మేట్రనమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. నా ఉద్యోగం ఆ గదిలోనే ముగిసిందనుకున్నాను. అప్పుడు అక్క, ప్రసంగాలకు వాడే గొంతుతోనే, "ఈ పాపకు కడుపునొప్పి వచ్చిండాది. ఆసుపత్రికి తీసకపోతాండారు" అంది.

"పాపం. మరి ఆ కత్తి యాల?" అని మేట్రనమ్మ.

"ఆపరేషనుకమ్మా."

రెండో కేకకు, ఈ పిల్లకూ అదేనా అని మేట్రనమ్మ అడిగింది.

"అదేనమ్మా. ఆడ హాస్టల్లో సాంబారు బాగలేదంట."

మూడో పిల్ల కూడా సాంబారుకే పడింది. చివర పోలీసు బండి సైరను మోగుతుంటే, వంట చూసే టీచరును ఇంటికి పంపిస్తున్నారని అక్క ప్రకటించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు; కొందరు టీవీ వెనుకకు తొంగి చూశారు. ముగింపు ప్రార్థనలో మేట్రనమ్మ ఇటలీ పిల్లల కడుపుల కోసం ప్రత్యేకంగా వేడుకుంది. సోమవారం నా వంటశాల తనిఖీ, ఆ వెంటనే నోటీసు.

అక్కను నిలదీశాను. "సచ్చిపోయిండారని చెప్పింటే ఆ పొద్దే నిన్ను బస్సెక్కించిండేది. సాంబారు బాగుచేసుకోవచ్చు, ఉద్యోగం యాడ తెస్తావు?" అంది. (ఉద్యోగం నిలిచింది. ఆ హాస్టల్లోనే పదవీ విరమణ చేశాను.) కానీ హంతకుడెవరో మాత్రం ఆమె చెప్పలేదు, వార్డెనమ్మ భయపడుతుందని పిల్లలూ చెప్పలేదు. పోయిన వారం కుప్పానికి ఫోన్ చేసి మళ్లీ అడిగాను. "ఆ సినిమాలో యెవురూ సావలేదు చెల్లీ. అందరూ బాగయి ఇండ్లకు పోయిండారు" అని నవ్వింది. మీట పట్టుకుని టీవీ వెనుక నిలబడిన ఆ కొత్త వార్డెనమ్మను తలచుకుని నేనూ నవ్వాను.

అయినను, కుప్పం అక్కకు ఇందుమూలముగా తెలియజేయునది: హంతకుడు పురుషుడా, స్త్రీయా, ఎందుకు చంపెను అను వివరములతో లిఖితపూర్వకమైన జవాబు ఇవ్వవలెను. ఫోనులో చెప్పిన మాట చెల్లదు. మన ఇద్దరిలో ఎవరు ముందుగా మరచిపోతామో చెప్పలేని వయసు ఇది.