చెయ్యి లేపినా లేవని టాపు

2023 వానాకాలం. మెదక్ చౌరస్తా పక్క సందులో ఉన్న నా టైలర్ దుకాణం నుంచి ఒక ఆడపిల్ల గాల్లోకి ఎగిరింది. చర్చి గోపురం ఎత్తుకు ఎగిరి, రెండు చుట్లు తిరిగి, నవ్వుతూ దిగింది. ఆ పిల్లను ఎగరేసింది నా కత్తెర. ఈ మాట చాయ్ హోటల్లో చాలాసార్లు చెప్పాను, ఎవరూ కాదనలేదు. కాదనడానికి వాళ్లెవరూ అక్కడ లేరు.

ఇప్పుడు అచ్చులోకి ఎక్కుతోంది గనక కొంచెం దించుతాను. గోపురం ఎత్తు కాదు, మనిషి ఎత్తు. రెండు చుట్లు కాదు, ఒక్క చుట్టూ లేదు. పైగా ఎగిరింది నేను బట్టలు కుట్టిన పిల్ల కూడా కాదు. ఆ పిల్ల కింద నిలబడి, ఎగిరిన పిల్లను చేతుల మీద మోసింది. అయినా అసలు కథ కింద ఉన్న పిల్లదే. వినండి.

పేరు స్పందన. పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో వచ్చి మెదక్‌లో డిగ్రీ చదివేది. ఒక పొద్దున తల్లి బాలమణితో కలిసి నీలం గుడ్డ పట్టుకొని దుకాణం మెట్లెక్కింది. చీర్ లీడింగ్ టీముకట.

"అదేం ఆట బిడ్డా?" అన్నాను.

"ఆడేటోళ్లకు జోష్ ఎక్కించే ఆట తాతా. అరవాలె, దుంకాలె, ఒకల మీద ఒకలు నిలబడాలె. కింద మోసేటోళ్లు బేస్, పైన నిలబడేటోళ్లు ఫ్లయర్. నేను బేస్. జిల్లా టీముకు వచ్చే ఆదివారం సెలెక్షన్స్ ఉన్నయి."

"మస్తుగుంది. కుడతా."

బాలమణి గుడ్డ నా చేతికి ఇయ్యకుండా పట్టుకుంది. "ఆడనీకి నేను అడ్డం రాను మాస్టర్. కానీ చెయ్యి లేపినప్పుడు కడుపు కనబడ్డదా, గాడనే రెక్క పట్టుకొని ఆటో ఎక్కిస్త. సెలెక్షన్ గిలెక్షన్ నాకు తెల్వదు."

"నువ్వు చూస్తవా ఏంది అమ్మా?" అంది స్పందన.

"చూడనీకే వస్తున్న. నాట్లు ఒక్క పూట ఆగుతయి."

"పరేషాన్ గాకమ్మా, ఈ కత్తెర పట్టి నాకు తల నెరిసింది" అన్నాను. అది నిజం. అయితే ఆ నెరిసిన తలలో చీర్ లీడింగ్ గురించి ఒక్క ముక్క లేదు.

స్కూలు యూనిఫాంలు కుట్టినట్టే కొలత తీశాను. పిల్ల నిటారుగా నిలబడింది, చేతులు కిందికి వేలాడేసింది. మా దగ్గర అందరికీ అదే పద్ధతి. దుంకే పిల్ల కదా, ఊపిరి ఆడాలని ఆర్మ్‌హోల్ బాగా కిందికి దించాను. ఆర్మ్‌హోల్ అంటే చెయ్యి దూరే చోట గుండ్రంగా కోసే కోత. అక్కడ ఎంత వదులిస్తే మనిషికి అంత హాయి అని నేనూ, నాలాంటి మాస్టర్లందరూ నమ్ముతాం.

ట్రయల్ నాడు స్పందన టాపు తొడుక్కొని వచ్చి, రెండు చేతులూ పైకి విసిరింది. దాన్ని వాళ్లు హై వీ అంటారు. చేతులతో పాటు టాపు కూడా లేచి డొక్కల దాకా పోయింది.

"గిదేంది మాస్టర్, పరదా లేషినట్టు లేషింది?" అంది బాలమణి.

లోపల తురపాయి చేస్తున్న మా ఆవిడ ఖైరున్నీసా నవ్వు నాకు వినిపించింది. అంచులు చేతితో మడిచి కుట్టే పనిని తురపాయి అంటాం. ఆ పని చేసేవాళ్లు తల వంచుకొని ఉంటారు గనక, వాళ్లు ఏమీ చూడటం లేదని మనం అనుకుంటాం.

ఇంత చిన్న సంగతికి భయమెందుకని కింద ఒక పట్టీ జోడించి పొడుగు పెంచాను. ఇక చేతులు ఎంత లేపినా కడుపు కనబడదు. నేను కాలు మీద కాలేసుకొని కూర్చున్నాను. మర్నాడు మధ్యాహ్నం స్పందన ఆ టాపు చంకలో పెట్టుకొని వచ్చింది, ముఖం వాడిపోయింది.

"ఆట నేర్పే మీ సార్ ఏమనిండు?" అన్నాను.

"ఇది టాపా, నైటీయా అన్నడు. ఫ్లయర్ దిగేటప్పుడు కాలు దీంట్ల చిక్కితే ఇద్దరం పడతమట. ఇదేసుకొని వస్తే లైన్ల నిలబెట్టనన్నడు. పొడుగైతే సార్ వద్దంటుండు, పొట్టిగైతే అమ్మ వద్దంటది. నేనేం ఏసుకొని పోవాలె తాతా?"

ఆదివారం దగ్గర పడింది. ఆ పిల్ల పొద్దున్నే లేచి, వాళ్ల వాకిట్లో వడ్ల సంచి నెత్తి మీదికి ఎత్తి దించుతూ ప్రాక్టీసు చేస్తోందని బాలమణే చెప్పింది. అంత కష్టం నా కోత వల్ల మట్టి పాలవుతుందంటే చాయ్ కూడా రుచించలేదు.

శుక్రవారం జరిగింది ఇది. పై అరలోంచి ఒక గుడ్డ థాన్ దించడానికి చెయ్యి చాచాను. నేను తొడుక్కున్నది పాత పద్ధతి కుర్తా. చెయ్యి పైకి పోయింది, కుర్తా అంచు మాత్రం ఉన్నచోటే ఉంది. అక్కడే ఆగిపోయాను. చంక కింద తడిమాను. చౌబగ్లా. అంటే చంకలో చెయ్యీ ఒళ్లూ కలిసే చోట వేసే నాలుగు మూలల చిన్న గుడ్డముక్క. మా అబ్బా కుట్టిన ప్రతి కుర్తాకూ అది ఉండేది. షర్టులు వచ్చాక మేమంతా దాన్ని మర్చిపోయాం.

నా తప్పు అప్పుడు వెలిగింది. ఆర్మ్‌హోల్ కిందికి దించితే చెయ్యి లేచినప్పుడల్లా ఒంటి మీది బట్టను తనతో గుంజుకుపోతుంది. కోత చంకకు దగ్గరగా బిగించి, చౌబగ్లా వేస్తే, చెయ్యి తన వంతు గుడ్డ తాను సాగదీసుకుంటుంది, ఒంటి జోలికి రాదు. వదులు ఇవ్వడం కాదు, ఇవ్వాల్సిన చోట ఇవ్వడం. ఆ సంతోషానికి నాకు కాళ్లు నిలవలేదు. మిగిలిన నీలం గుడ్డతో మళ్లీ కోశాం, పక్కలకు పైపైన కచ్చా కుట్టు వేశాం, పిల్లకు కబురు పంపాం.

స్పందన చేతులు లేపింది. దుంకింది. వంగి లేచింది. బాలమణి అంచు పట్టుకొని కిందికి గుంజి చూసి, "జర మళ్ల లేపు" అంది. మళ్లీ లేపింది. టాపు కదల్లేదు.

"ఇప్పుడైతే మంచిగుంది," అంది బాలమణి. "గ్రౌండ్ల గూడ గిట్లనే ఉండాలె."

ఆదివారం దుకాణం మూసి ఖైరున్నీసా, నేను కాలేజీ గ్రౌండుకు పోయాం. రాత్రి వాన పడి గడ్డి మెరుస్తోంది. బాలమణి గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పక్కనే నిలబడింది, కాళ్లకు నారుమడి బురద ఇంకా ఆరలేదు. కళ్లు మాత్రం కూతురి నడుము మీదే. నా కళ్లూ అక్కడే, గుండె ఇంకెక్కడో.

డప్పు మోగినట్టు చప్పట్లు మొదలయ్యాయి. పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు. స్పందన, ఇంకో పిల్ల కలిసి ఫ్లయర్ పాదాలు పట్టి ఎత్తారు. భుజాల దాకా వచ్చింది. అక్కడి నుంచి చేతులు చాచి నెత్తి మీదికి లేపారు. పైన పిల్ల ఒక్కసారి అటు ఊగింది.

"పట్టు బిడ్డా," అని కేక వినిపించింది. "ఇడవకు. గట్టిగ పట్టు."

తాడు దాటి లోపలికి వచ్చేసింది బాలమణి. స్పందన మోచేతులు వణికాయి, తర్వాత నిలిచాయి. పైన పిల్ల రెండు చేతులూ చాచి నవ్వింది. కిందికి దిగేదాకా నేను కూడా అరిచానట, ఖైరున్నీసా చెప్పింది.

పేర్లు చదివారు. స్పందన పేరు వచ్చింది. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి తల్లిని అమాంతం ఎత్తి గిరగిరా తిప్పింది. రెండు చుట్లు తిరిగింది ఎవరో ఇప్పుడు మీకు తెలిసిపోయింది.

"కడుపు కనబడ్డదా అమ్మా?" అని అడిగాను.

"యాడ చూసిన మాస్టర్?" అంది బాలమణి చీర సర్దుకుంటూ. "పైన పిల్ల పడ్తదేమోనని పానం గుంజింది. నడుము సంగతే యాది లేదు."

అప్పటి నుంచి టేపు తీసే ముందు ఒక మాట అడుగుతాను: ఈ బట్టలో మీరు చేసే పనేంటి? బోర్డు మీద రాసే టీచరమ్మను చెయ్యి లేపమంటాను, ట్రాక్టర్ నడిపే పిల్లగాణ్ణి స్టూలు మీద కూర్చోమంటాను. మనిషి నిలబడినప్పుడు ఒక కొలత, కదిలినప్పుడు ఇంకో కొలత. బట్ట కుట్టాల్సింది రెండో కొలతకు.

ఇదంతా రాసి ఖైరున్నీసాకు చదివి వినిపించాను. సూది ఆపకుండానే విన్నది. దారం పళ్లతో తెంపి, అప్పుడు అంది:

"అజీ, పై అరలకెల్లి థాన్ దించింది నేను. మీరు కుర్సీల కూసొని చాయ్ సల్లారిందని లొల్లి పెడ్తుండ్రి. చౌబగ్లా ఉన్నది నా కమీజుకు. మీరు తొడిగేది రెడీమేడ్ కుర్తా."