అడవినాభి పటం

అరవైల మొదట్లో, నరసరావుపేటలో ఆడపిల్లల మిషన్ స్కూల్లో సైన్సు టీచరుగా చేరిన కొత్తల్లో, బీరువా సర్దుతుంటే ఒక పాత పటం దొరికింది. ఎప్పుడో అక్కడ పనిచేసి వెళ్లిన ఒక దొరసాని వదిలిపోయిందట. అచ్చువేసిన గీతల మీద చేత్తో రంగులద్దిన మొక్క బొమ్మ. ఆకుల కొసలు నులితీగల్లా చుట్టుకుని ఉన్నాయి. పూరేకులు మంటలాగా పైకి లేచి ఉన్నాయి. పువ్వులన్నీ ఒకటే ఎరుపు. కింద లాటిన్ పేరు, ఇది విషమొక్క అని ఇంగ్లీషులో ఒక ముక్క. అంత అందమైనదాన్ని మళ్లీ బీరువాలో పెట్టబుద్ధి కాక క్లాసు గోడకి తగిలించాను.

మర్నాడు ఊడవడానికి వచ్చిన ఆయా దాని ముందు ఆగిపోయింది. ఆమెది కొండవీడు కింద పల్లె. చదువుకోలేదు.

"ఇది అడవినాభి టీచరమ్మా. దుంప తింటే మనిషి దక్కడు. రంగు మాత్రం తప్పేశారు. పూసిన్నాడు పచ్చగా ఉంటది, ఎర్రబడేది తర్వాత."

"పచ్చగా అంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"రెండూను," అంది.

పటం వేసినవాళ్లు తప్పు వేస్తారా అనుకున్నాను. ఆ మాట పైకే అనేశాను. ఆమె ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజంతా నాకు మనసు బాగాలేదు. వానలు పడ్డాక తీసుకెళ్లి చూపించమని నేనే అడిగాను.

వానాకాలంలో ఒక శనివారం ఇద్దరం బస్సు దిగి, చెప్పులు చేతబట్టుకుని బురదలో నడిచాం. కొండ వాలులో పొదల మీదికి పాకి ఉంది ఆ తీగె. చివర విచ్చిన పువ్వు లేతాకుపచ్చ, దాని కిందిది పసుపు, ఆ కిందిది పసుపులో ఎరుపు, అన్నిటికన్నా కిందిది నిప్పుకణిక. ఆమె చెయ్యి పట్టుకుని తప్పు నాదేనన్నాను.

"చూడందే మీకు మాత్రం ఎట్టా తెలుస్తదమ్మా," అని నవ్వింది.

వాళ్లన్న ఇంట్లో గోంగూరతో జొన్నన్నం తిని సాయంత్రం బస్సుకి వచ్చేశాం.

పటం దించి రంగులు దిద్దుతానంటే హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోలేదు. పాతవస్తువు మీద చెయ్యి వెయ్యొద్దు, కావాలంటే పక్కన ఇంకోటి పెట్టుకోమంది. ఆయాను ఎదురుగా కూర్చోబెట్టుకుని నీళ్లరంగులతో వేశాను. మూడుసార్లు కాదంది. నాలుగోసారి తల ఊపింది.

ఆ తర్వాత ఏటా వానలు మొదలవగానే ఒక పీరియడ్ ఆమెకిచ్చేదాన్ని. మొదటిసారి నా కుర్చీలో కూర్చోమంటే ససేమిరా అంది. నిలబడే, కొండ మీద ఏ మొక్కని ముట్టుకోవచ్చో, దేని జోలికి పోకూడదో పిల్లలకి చెప్పింది. వాళ్లు అడుగుతూనే ఉన్నారు. బడి గంట కొట్టాల్సిన మనిషీ ఆమే. ఆ రోజు మా పీరియడ్ చాలాసేపు నడిచింది.